సెల్ఫ్ కొట్టగానే ఇంజిన్ ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) 1600, ఇరవై నిమిషాలైనా 1200 కింద దిగట్లేదు. ఏం చూడాలి?

ఆదిలాబాద్ పెట్రోల్:
అందరికీ నమస్తే. నాది 2014 పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, 81 వేల కిలోమీటర్లు తిరిగింది. నవంబర్ నుంచి పొద్దున సెల్ఫ్ కొట్టగానే ఆర్‌పీఎం ముల్లు 1600 దగ్గర నిలబడుతోంది, సరే చలికి అనుకున్నా, కానీ ఇరవై నిమిషాలు నడిపి సిగ్నల్ దగ్గర ఆపినా 1200, 1300 ఉంటోంది. పోయిన చలికాలం నిమిషం తిరక్కుండానే 800కి వచ్చేసేది. ఇప్పుడు క్లచ్ వదిలితే చాలు, యాక్సిలరేటర్ మీద కాలు పెట్టకుండానే బండి ముందుకు ఉరుకుతోంది. మైలేజ్ 17 నుంచి 13కి పడిపోయింది. చెక్ ఇంజిన్ లైట్ లేదు. ఒక షెడ్డులో చూపిస్తే థ్రాటిల్ బాడీ (ఇంజిన్‌లోకి గాలిని వదిలే భాగం) మొత్తం మార్చాలి, పద్నాలుగు వేలు అన్నారు. మార్పించేయాలా? పొద్దున ఆరింటికి బండి తీస్తే పక్కింటివాళ్లు కిటికీలు మూసుకుంటున్నారు, అదొక టెన్షన్.

కార్బన్ కింగ్:
మార్చడం ఎందుకన్నా, విప్పి కడిగిస్తే సరిపోతుంది. లోపలి రేకు చుట్టూ మసి పట్టి సరిగా మూసుకోకపోతే ఇలాగే రేస్ అవుతుంది. కడిగాక ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) మళ్లీ అలవాటు పడేదాకా ఒకట్రెండు రోజులు రేస్ ఇంకా పెరగొచ్చు, కంగారు పడకు.

స్పానర్ 10-12:
డబ్బులు పెట్టేముందు గాలి లీక్ చూసుకో, పగిలిన పైపులోంచి అదనపు గాలి ఇంజిన్‌లోకి దూరినా రేస్ పెరుగుతుంది. బ్రేక్ తేలిగ్గా పడేలా చేసే బ్రేక్ బూస్టర్‌కి వెళ్లే పైపు, ఇంకా ఇంజిన్ అడుగున చేరే ఆవిర్లని మళ్లీ ఇంజిన్‌లోకి లాగే పీసీవీ పైపు, ఈ వయసు బండ్లలో రబ్బరు ఎండి పగుళ్లు వస్తాయి. ఇంజిన్ ఆన్‌లో ఉండగా ఒక్కో పైపునీ ప్లయర్‌తో మెల్లగా నొక్కి చూడు, ఏది నొక్కితే రేస్ టక్కున దిగుతుందో దొంగ అటువైపే ఉన్నాడు. పెట్రోల్ చల్లి లీక్ కనిపెట్టేవాళ్లున్నారు, వేడి ఇంజిన్ మీద ఆ పని చేయకండి బాబోయ్. అయినా మైలేజ్ ఇంతగా పడిందంటే నాకు వేరే డౌట్ కూడా ఉంది.

షెడ్డు బాబాయ్:
ముందు ఒక మాట. చలిలో 1500, 1600తో స్టార్ట్ అవడం జబ్బు కాదు. చల్లటి ఇంజిన్‌లో పెట్రోల్ సరిగ్గా ఆవిరి కాదు, పైగా సైలెన్సర్ దారిలో ఉండే క్యాటలిటిక్ కన్వర్టర్ త్వరగా వేడెక్కితేనే పొగ శుభ్రపడుతుంది, అందుకని ఈసీయూనే కావాలని రేస్ పెంచుతుంది. వేడెక్కేకొద్దీ దించుతుంది. నీ బండి దించట్లేదంటే నేను అడిగేది ఒకటే, అసలు ఇంజిన్ వేడెక్కుతోందా? డాష్‌బోర్డులో ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు వెలిగే నీలం లైటు ఎంతసేపటికి ఆరుతోంది? ఈ ఏడాది రేడియేటర్ పని ఏమైనా చేయించావా?

ఆదిలాబాద్ పెట్రోల్:
బాబాయ్, మీరు అడిగాకే గమనించా. నీలం లైటు పావుగంటైనా ఆరట్లేదు, హైవే మీద ఆరినా మళ్లీ వెలుగుతోంది! మేలో నిర్మల్ నుంచి వస్తూ ఘాట్‌లో హీట్ ఎక్కి ఆగిపోతే దారిలో మెకానిక్ ఏదో వాల్వు తీసేసి "మన ఎండలకి ఇది ఎందుకు సార్" అన్నాడు. అప్పటి నుంచి హీట్ ఎక్కలేదు, నేనూ మర్చిపోయా.

షెడ్డు బాబాయ్:
అదీ సంగతి. ఆయన తీసింది థర్మోస్టాట్. మామూలుగా అది 82, 88 డిగ్రీల దగ్గర తెరుచుకుని అప్పుడే నీళ్లని రేడియేటర్‌కి వదులుతుంది. అది లేకపోతే సెల్ఫ్ కొట్టిన క్షణం నుంచే నీళ్లు రేడియేటర్‌లో తిరిగి చల్లారిపోతాయి, ఈసీయూ పాపం ఇంజిన్ ఇంకా చల్లగానే ఉందనుకుని పెట్రోల్ ఎక్కువ పోస్తూనే ఉంటుంది. ఆ ఎక్కువైన పెట్రోల్ సిలిండర్ గోడల మీది ఆయిల్‌ని కడిగేసి కిందకి దిగి ఇంజిన్ ఆయిల్‌ని పల్చన చేస్తుంది, కాబట్టి ఆయిల్ కూడా మార్చెయ్. నమ్మకం కుదరకపోతే బ్లూటూత్ ఓబీడీ స్కానర్ (బండి కంప్యూటర్ రీడింగులు ఫోన్‌లో చూపించేది) పెట్టి కూలెంట్, అంటే ఇంజిన్‌ని చల్లబరిచే ఆ నీళ్ల టెంపరేచర్ చూడు. ఒకవేళ పొద్దున బయట 12 డిగ్రీలుంటే అది మైనస్‌లో ఏదో చూపిస్తే మాత్రం సెన్సార్‌దే తప్పు, అప్పుడు దారి వేరు.

గేర్ నంబర్ ఫైవ్:
నేనూ తీయించేశా, నాలుగేళ్లుగా ఏమీ కాలేదే. ఇవన్నీ చలి దేశాల సామాన్లు.

షెడ్డు బాబాయ్:
బయట ఎండకీ దానికీ సంబంధం లేదయ్యా. ఇంజిన్‌ని 90 డిగ్రీల దగ్గర పనిచేసేలా తయారుచేశారు, అది ఎక్కడైనా అంతే. కొన్ని ఇంజిన్లలో అది తీసేస్తే నీళ్లు రేడియేటర్‌కి పోకుండా బైపాస్‌లోనే (రేడియేటర్‌ని తప్పించి పోయే చిన్న దారిలోనే) తిరిగి హీట్ ఇంకా ఎక్కుతుంది కూడా. అసలు ఘాట్‌లో హీట్ ఎందుకు ఎక్కిందో ఎవరైనా చూశారా?

ఆదిలాబాద్ పెట్రోల్:
అప్‌డేట్. స్కానర్‌లో అరగంట హైవే డ్రైవ్ తర్వాత 56 డిగ్రీలు. కొత్త థర్మోస్టాట్ వేయించా, గాస్కెట్‌తో కలిపి తొమ్మిది వందలు. రేడియేటర్ విప్పితే సగం గొట్టాలు సున్నం పట్టి మూసుకుపోయాయి, ఏళ్లుగా బోరు నీళ్లు పోసింది నేనే, ఎవరిని అనేది. కడిగించి, కూలెంట్ పోసి, అందులో చిక్కుకున్న గాలి తీయించి, ఆయిల్ మార్పించా. ఈ పొద్దున 1500తో మొదలైంది, నిమిషంలో వెయ్యికి దిగింది, మూడు కిలోమీటర్లు పోయేసరికి 800. క్లచ్ వదిలితే ఉరకడం లేదు. మైలేజ్ ట్యాంకు అయ్యాక చెప్తా. థ్రాటిల్ బాడీ జోలికి పోలేదు.