శెనక్కాయ పొట్టుతో నీళ్ళలోని రాగి తీయడం: నా ఫలితం సరైనదేనా?

ప్రశ్న: అందరికీ నమస్కారం. అనంతపురంలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదువుతున్నాను. శెనక్కాయ పొట్టు పొడితో నీళ్ళలోని రాగిని తీయడం నా ప్రాజెక్టు. మైలుతుత్తంతో (కాపర్ సల్ఫేట్) లీటరుకు 20 మిల్లీగ్రాముల రాగి ఉండే ద్రావణం చేసుకుని, 50 మిల్లీలీటర్లకు 0.2 గ్రాముల పొడి వేసి రెండు గంటలు తిప్పుతున్నాను. పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) 2 దగ్గర రాగి అసలు తగ్గట్లేదు. 8 దగ్గర 95 శాతం పోతోంది. వడకట్టిన నీళ్ళేమో టీ డికాషన్‌లా వస్తున్నాయి. 8 దగ్గర బాగా పనిచేస్తుందని రాసేయొచ్చా?

జవాబు: రాయొద్దు తమ్ముడూ. పీహెచ్ 6కి అటూ ఇటూగా రాగి హైడ్రాక్సైడై అడుక్కి దిగడం మొదలవుతుంది. 8 దగ్గర పొడి వేయకపోయినా చాలా రాగి వడపోత కాగితం మీదే ఆగిపోతుంది. ఆ ఘనత పొట్టుది కాదు. నమ్మకపోతే పొడి లేకుండా అదే ద్రావణాన్ని 8కి తెచ్చి వడకట్టి కొలిచి చూడు. 2 దగ్గర పోకపోవడానికి కారణం వేరు: ఆమ్లంలోని హైడ్రోజన్ అయాన్లు పొట్టు మీద రాగి అంటుకునే చోట్లన్నీ ముందే ఆక్రమించేస్తాయి. 4 నుంచి 5.5 మధ్య చూడు, అసలు సంగతి అక్కడ తెలుస్తుంది.

ఆ డికాషన్ రంగు పొట్టులోని టానిన్లు అనే వగరు పదార్థాలది. రంగు గాఢతను బట్టి కొలిచే కలరిమీటరు వాడితే ఆ రంగు కూడా నీ రీడింగులో కలిసిపోతుంది. పొడిని వేడినీళ్ళతో, నీళ్ళు తేటగా వచ్చేదాకా కడిగి, 105 డిగ్రీల దగ్గర ఆరబెట్టి, జల్లించి వాడు. ఉత్త డిస్టిల్డ్ వాటరులో అంతే పొడి వేసి తిప్పిన బ్లాంకు (పోల్చి చూసేందుకు రాగి లేని నమూనా) కూడా పెట్టుకో.

ప్రశ్న: చాలా థాంక్స్ అక్కా. శాతం రాస్తే చాలా?

జవాబు: చాలదు. పొడి రెట్టింపు వేస్తే శాతం ఎలాగూ పెరుగుతుంది. గ్రాము పొడి ఎన్ని మిల్లీగ్రాములు పట్టిందో రాయి. 20 నుంచి 4కి దిగిందనుకో: తేడా 16, దాన్ని 0.05 లీటర్లతో గుణించి 0.2తో భాగిస్తే గ్రాముకు 4 మిల్లీగ్రాములు.

తర్వాత క్రోమియం చేయాలనుకుంటే ఒక జాగ్రత్త. ఆరు వేలెన్సీ క్రోమియాన్ని పొట్టే మూడు వేలెన్సీకి మార్చేస్తుంది. ఆరు వేలెన్సీదాన్ని మాత్రమే చూపించే డైఫినైల్ కార్బజైడుతో కొలిస్తే అంతా పోయినట్టు కనిపిస్తుంది కానీ క్రోమియం నీళ్ళలోనే ఉండొచ్చు. మొత్తం క్రోమియం కూడా కొలవాల్సిందే. మా ల్యాబులో ఈ తప్పుతో ఒక సెమిస్టరు పోయింది, అందుకే ఇంతగా చెబుతున్నా.

మరో సభ్యుడి ప్రశ్న: మాది ఫ్యాక్టరీలున్న పటాన్‌చెరు దగ్గర ఊరు మేడమ్. బోరు నీళ్ళలో ఈ పొడి వేసి తాగొచ్చా? మా అమ్మ చిల్లగింజ అరగదీసి కలుపుతుంది.

జవాబు: దయచేసి తాగకండి అన్నా. చిల్లగింజ బురదను దించుతుంది, నీళ్ళు తేటబడతాయి. సీసం, కాడ్మియం మాత్రం తేట నీళ్ళలోనూ ఉంటాయి, రంగూ రుచీ ఉండవు. మరగబెడితే ఇంకా చిక్కబడతాయి. ముందు ఎన్ఏబీఎల్ (ల్యాబులకు గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ) గుర్తింపున్న ల్యాబులో పరీక్ష చేయించండి. తాగునీటి ప్రమాణం ప్రకారం లీటరుకు సీసం 0.01, కాడ్మియం 0.003 మిల్లీగ్రాములు దాటకూడదు. ఫలితం వచ్చేదాకా తాగడానికీ వంటకీ వేరే నీళ్ళు తెచ్చుకోండి.

ప్రశ్న: అక్కా, వాడేసిన పొడిని హాస్టల్ మొక్కలకు వేయొచ్చా?

జవాబు: వద్దు. నీళ్ళలోంచి పోయిన రాగి అంతా ఇప్పుడు అందులోనే ఉంది. 0.1 నార్మల్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో కడిగితే చాలావరకు వదులుతుంది, ఆ పొడి మళ్ళీ ఎన్నిసార్లు పనికొస్తుందో చూడు, ప్రాజెక్టులో ఒక అధ్యాయం అవుతుంది. కడిగిన ఆమ్లాన్నీ, చివరికి మిగిలే పొడినీ లేబులు వేసిన సీసాల్లో పెట్టి ల్యాబు ఇన్‌చార్జికి ఇచ్చెయ్. సింకులో మాత్రం పోయకు.