డేటాబేస్ పాస్‌వర్డ్ ఫైల్లో రాసి పెట్టుకోవడం తప్పా?

కొత్తచేయి: రోజుకు ముప్పై నలభై సార్లు టెర్మినల్లో మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ తెరుస్తాను. ప్రతిసారీ యూజర్ పేరు, పాస్‌వర్డ్ కొట్టలేక హోమ్ డైరెక్టరీలో .మై.సీఎన్ఎఫ్ అనే సెట్టింగుల ఫైల్ పెట్టి, క్లయింట్ విభాగం కింద రెండూ రాసుకున్నాను. ఇప్పుడు కమాండ్ పేరు కొడితే చాలు, లోపలికి వెళ్లిపోతున్నా. మా టీమ్‌లో ఒకాయన చూసి "తాళం వేసి తాళంచెవి గడప మీద పెట్టినట్టుంది" అన్నాడు. నిజంగా అంత తప్పా?

పాతకాపు: తప్పే. పాస్‌వర్డ్ ఉన్నదున్నట్టు డిస్క్ మీద ఉంది. బ్యాకప్‌లోకి వెళ్తుంది. ఇలాంటి సెట్టింగుల ఫైళ్లు (డాట్‌ఫైల్స్) గిట్‌లో పెట్టుకునే అలవాటుంటే అక్కడికీ వెళ్తుంది. చేత్తో కొట్టండి, వేళ్లేమీ అరిగిపోవు.

నైట్‌షిఫ్ట్: పాతకాపు గారూ, చేత్తో కొట్టమంటే జనం ఏం చేస్తారో మీకు తెలియనిదా? కమాండ్‌లోనే, మైనస్ పీ అనే ఆప్షన్ పక్కన పాస్‌వర్డ్ అతికించి కొడతారు. అది షెల్ హిస్టరీలో, అంటే కొట్టిన కమాండ్ల జాబితాలో తిష్ట వేస్తుంది. ఇది సురక్షితం కాదని 5.6 వెర్షన్ నుంచి మైఎస్‌క్యూఎల్ హెచ్చరిస్తూనే ఉంది, చదివేదెవరు? పైగా రాత్రి రెండింటికి నడిచే బ్యాకప్ స్క్రిప్ట్‌కి ఎవరు లేచి కొడతారు? ఫైలే మేలు, మీరు తప్ప ఇంకెవరూ చదవకుండా పర్మిషన్ 600 పెట్టండి. ఈ విషయంలో పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ నయం. దాని పాస్‌వర్డ్‌లుండే .పీజీపాస్ ఫైల్‌ను ఇతరులు చదవగలిగేలా వదిలేస్తే అది అసలు వాడనే వాడదు. మైఎస్‌క్యూఎల్ మాత్రం ఫైల్‌ను ఎవరైనా మార్చగలిగేలా ఉంటేనే పక్కన పెడుతుంది, చదవగలిగేలా ఉంటే ఏమీ అనదు.

కొత్తచేయి: మైఎస్‌క్యూఎల్‌తో వచ్చే కాన్ఫిగ్ ఎడిటర్‌తో దాస్తే పాస్‌వర్డ్ ఎన్‌క్రిప్ట్ అవుతుందట కదా?

పాతకాపు: పేరుకే. దాన్ని విప్పే కీ కూడా అదే ఫైల్లో ఉంటుంది. పక్కనుంచి తొంగి చూసేవాడి కంట పడదు, అంతవరకే.

ఒకసారికాలినచేయి: అందరూ పాస్‌వర్డ్ ఎక్కడ దాచాలా అని కొట్టుకుంటున్నారు. నాకు దెబ్బ తగిలింది వేరేచోట. నా డిఫాల్ట్ లాగిన్ లైవ్ సర్వర్‌కి వెళ్లేది. ఒకరోజు టెస్ట్‌లో ఉన్నాననుకుని, ఏ వరుసలో చెప్పే వేర్ షరతు లేకుండా డిలీట్ కొట్టాను, టేబుల్ మొత్తం ఖాళీ. నా పాస్‌వర్డ్ ఎవరూ దొంగిలించలేదు సార్, కొట్టింది నేనే! ముందు రాత్రి తీసిన డంప్ (డేటాబేస్ కాపీ) ఉంది కాబట్టి బతికాను. ఆ రోజు ఎంట్రీలు మాత్రం మళ్లీ కూర్చుని ఎక్కించాల్సి వచ్చింది.

ఇప్పుడు ఏమీ చెప్పకుండా తెరిస్తే నా లోకల్ టెస్ట్ డేటాబేస్‌కే వెళ్తుంది. లైవ్ కావాలంటే కాన్ఫిగ్ ఎడిటర్‌లో దాచిన లాగిన్ వివరాల పేరు (లాగిన్ పాత్) కొట్టాలి. అదీ చదవడానికి మాత్రమే హక్కున్న అకౌంట్. రాసే అకౌంట్ పాస్‌వర్డ్ ఏ ఫైల్లోనూ లేదు. ప్రాంప్ట్‌లో హోస్ట్ పేరు కనబడేలా పెట్టాను, వేర్ లేని డిలీట్‌లను ఆపే సేఫ్ అప్‌డేట్స్ ఆన్ చేశాను.

పాతకాపు: చదివే అకౌంట్ పోయినా డేటా మొత్తం పోయినట్టే కదా? సరే, డిఫాల్ట్ ఎటు వెళ్తుందన్నది నేను ఆలోచించలేదు, ఒప్పుకుంటాను. కానీ సర్వర్ అదే మెషీన్‌లో ఉంటే పాస్‌వర్డ్ ఎందుకసలు? సాకెట్ (ఒకే మెషీన్‌లోని ప్రోగ్రామ్‌లు మాట్లాడుకునే దారి) ద్వారా ఆపరేటింగ్ సిస్టమ్ యూజర్‌నే గుర్తుపట్టే పద్ధతి ఉంది. మైఎస్‌క్యూఎల్ నుంచి పుట్టిన మరియాడీబీ 10.4 నుంచి రూట్ (అడ్మిన్) అకౌంట్‌కి డిఫాల్ట్‌గా అదే ఇస్తోంది.

నైట్‌షిఫ్ట్: లోకల్‌కి బాగుంటుంది. నా బ్యాకప్‌లు వేరే మెషీన్ నుంచి నడుస్తాయి, నాకు ఫైల్ తప్పదు. దానికి విడిగా అకౌంట్, విడిగా ఫైల్ పెట్టి, అదనంగా ఏ ఫైల్ చదవాలో చెప్పే డిఫాల్ట్స్ ఎక్స్‌ట్రా ఫైల్ ఆప్షన్‌తో ఇస్తాను. ఆ ఆప్షన్ కమాండ్‌లో అన్నిటికంటే ముందుండాలి. ఇది తెలియక నేనే ఒక సాయంత్రం పోగొట్టుకున్నాను.

కొత్తచేయి: ఒకసారికాలినచేయి గారు చెప్పినట్టు డిఫాల్ట్‌ని టెస్ట్‌కి మార్చాను. పనిలో పనిగా డేటాబేస్ పేరు కూడా రాశాను. మైఎస్‌క్యూఎల్ తెరుచుకుంటోంది కానీ డంప్ కమాండ్ మాత్రం అసలు నడవడం లేదు.

నైట్‌షిఫ్ట్: డేటాబేస్ లైన్ క్లయింట్ విభాగంలో రాసి ఉంటారు. దాన్ని డంప్ కూడా చదువుతుంది, ఆ ఆప్షన్ దానికి తెలియదు. ఆ లైన్‌ని మైఎస్‌క్యూఎల్ విభాగం కిందికి మార్చండి. పాస్‌వర్డ్‌లో హ్యాష్ గుర్తు (#) ఉంటే కోట్స్‌లో పెట్టండి, లేకపోతే అక్కడి నుంచి కామెంట్ అనుకుంటుంది.

కొత్తచేయి: నడిచింది. హ్యాష్ కూడా ఉంది!