ట్రంకుపెట్టె అడుగున దొరికిన ఫోటో: ఇదేం కారో చెప్పగలరా?

ఆటోనగర్ అబ్బాయి:
అందరికీ నమస్కారం. మా నాన్న విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్ళు టింకరింగ్ పని చేశారు. మొన్న ఆయన ట్రంకుపెట్టె సర్దుతుంటే, అడుగున పరిచిన కాగితాల్లో ఏదో విదేశీ పత్రిక పేజీ కనబడింది. నలుపు తెలుపు ఫోటో. ముక్కు నుంచి తోక దాకా ఒకటే వాలు, కత్తిపీట మీద కోసిన జున్ను ముక్కలా ఉంది కారు. పక్కన నిలబడ్డ మనిషి నడుము దాకా కూడా రాదు. కింద పేరున్న చోట చిరిగిపోయింది. అంచున నాన్న పెన్సిల్‌తో "దీనికి డోరేది?" అని రాసుకున్నారు. ఎప్పుడు రాశారో ఆయనకే గుర్తు లేదు. ఫోన్‌లో వెతికితే ఏవో వీడియో గేమ్ కార్లు వచ్చాయి. ఫోటో పెడుతున్నాను, చూడండి.

స్పీడు సుబ్బడు:
ఫెరారీ మోడ్యులో బ్రో. 1970 జెనీవా షో. కళ్ళు మూసుకుని చెప్తా.

పాత కార్ల పిచ్చి:
కళ్ళు తెరిచి చూడు తమ్ముడూ. మోడ్యులో, ఈ ఫోటోలో కారు రెండూ 1970వే, రెండూ నేలకి అతుక్కున్నట్టే ఉంటాయి కాబట్టి పొరబడటం మామూలే. కానీ మోడ్యులోకి ముందు చక్రాలు కూడా సగం మూసేసి ఉంటాయి. ఇంజన్ మూత మీద 24 గుండ్రటి చిల్లులుంటాయి. ఈ ఫోటోలో ముందు చక్రం బయటికే ఉంది, వెనక మూత త్రికోణంలో పట్టీలు పట్టీలుగా ఉంది.

ఇది ఇటలీ కార్ల కంపెనీ లాన్సియా పేరుతో వచ్చిన స్ట్రాటోస్ జీరో. బెర్టోనే అనే కార్ల డిజైన్ కంపెనీలో మార్చెల్లో గాండినీ గీసింది, 1970 టురిన్ షోలో పెట్టారు. ఎత్తు 84 సెంటీమీటర్లు, అంటే మన భోజనాల బల్లకంటే బెత్తెడు ఎక్కువ, అంతే. వెనకాల లాన్సియావాళ్ళదే ఫుల్వియా అనే కారు 1.6 లీటర్ల వి4 ఇంజన్.

నేనైతే ఇలాంటి ఫోటోల్లో ముందు అసలు కారుని చూడను, వెనక ఆగి ఉన్న మామూలు కార్లని చూస్తాను. మీ ఫోటోలో మూలనున్న బుడ్డ ఫియట్ నంబరు ప్లేటు పెద్దది చేసి చూడండి, మొదట్లో 'టీ, ఓ' అక్షరాలున్నాయి. అప్పట్లో ఇటలీ ప్లేట్ల మీద జిల్లా గుర్తు వేసేవారు. అది టురిన్‌ది.

ఇక నాన్నగారి ప్రశ్న. ముందు అద్దమే డోరు. దాన్ని పైకెత్తి, ముక్కు మీదున్న నల్ల రబ్బరు పట్టా మీద కాలేసి లోపలికి దిగాలి. డిజైన్ కంపెనీ యజమాని బెర్టోనే దీన్ని స్వయంగా నడుపుకుంటూ లాన్సియా ఫ్యాక్టరీకి వెళ్ళి, గేటు దగ్గర అడ్డకర్ర ఎత్తకుండానే దాని కింద నుంచి దూరిపోయాడని చెబుతారు. ఆ తర్వాత లాన్సియా తెచ్చిన స్ట్రాటోస్ ర్యాలీ కారే 1974, 75, 76లో వరసగా ప్రపంచ ర్యాలీ టైటిల్ కొట్టింది.

స్పీడు సుబ్బడు:
సరే అన్నా, ఒప్పుకున్నా. చిల్లులు లెక్కపెట్టాల్సింది 😅

ఆటోనగర్ అబ్బాయి:
చాలా థాంక్సండీ. నాన్నకి చదివి వినిపించాను. పేజీని చేయి చాపి దూరంగా పట్టుకుని చాలాసేపు చూశారు. అద్దం అంచు మీద బొటనవేలితో అటూ ఇటూ రాసి, "మరి దీనికి బీడింగ్ ఎవడేశాడ్రా? వాన పడితే నీళ్ళన్నీ ఒళ్ళోకే కదా" అన్నారు. ఎవరికైనా తెలిస్తే చెప్పండి. రాత్రి అన్నం దగ్గర మళ్ళీ అడుగుతారు.