కాన్‌స్టర్నేట్: వాడదగ్గ మాటేనా?

భాషాప్రియ: అనువాదానికి వచ్చిన వాక్యం: "ద న్యూస్ కాన్‌స్టర్నేటెడ్ ద షేర్‌హోల్డర్స్". కాన్‌స్టర్నేషన్ (ఉన్నట్టుండి పుట్టే భయం, అయోమయం) అందరికీ తెలిసిందే. ఈ క్రియ అసలు ఉందా, లేక ఎన్‌థ్యూజ్ లాగా నామవాచకాన్ని విరిచి చేసిందా? తెలుగులో "కలవరపరిచింది" అంటే చాలదా?

నిఘంటువు: ఉందండీ. నామవాచకం 17వ శతాబ్దం తొలినాళ్లలో వస్తే, క్రియ ఆ శతాబ్దం మధ్యకే వచ్చేసింది. రెంటికీ మూలం లాటిన్ కాన్‌స్టర్నారే. గుర్రాలు బెదిరిపోవడానికీ లాటిన్‌లో ఆ మాటే వాడేవారు. 19వ శతాబ్దంలో ఎన్‌థూజియాజమ్‌ను విరిచి చేసిన ఎన్‌థ్యూజ్‌తో దీన్ని ఒకే గాటన కట్టకూడదు.

"కలవరపరిచింది" చాలదు. కలవరం నెలల తరబడి లోలోపల ఉండొచ్చు. ఇక్కడ ఉన్నట్టుండి భయం పుట్టాలి, ఆ భయంలో ఏం చేయాలో తోచకూడదు. "హడలెత్తించింది" అంటే భయమే మిగులుతుంది. "నిరాశపరిచింది" పూర్తిగా తప్పు.

అనువాదకుడు: నిఘంటువులో ఉన్నంత మాత్రాన వాడాలని లేదు. ఇంగ్లీషు రాసేటప్పుడు "కాజ్డ్ కాన్‌స్టర్నేషన్" అనే రాయమంటాను, చదివేవాడు ఆగిపోడు. క్రియ వాడి తీరాలంటే అది సకర్మకమని గుర్తుంచుకోవాలి. నేను బెదిరిపోయానని చెప్పడానికి "ఐ కాన్‌స్టర్నేటెడ్" అని రాస్తున్నారు, అది తప్పు. "ఐ వాజ్ కాన్‌స్టర్నేటెడ్", ఆ తర్వాత "బై" లేదా "ఎట్" రావాలి. పలికేటప్పుడు క్రియలో ఊనిక "కాన్" మీద, నామవాచకంలో "నే" మీద.

నిఘంటువు: ఊనిక మాట నిజమే. అయితే పత్రికా శీర్షికలో ఒక్క క్రియతో పని జరుగుతుంటే రెండు మాటలెందుకు?

భాషాప్రియ: మరి తెలుగులో "దిగ్భ్రాంతికి గురిచేసింది" అనొచ్చా?

అనువాదకుడు: అర్థం దగ్గరిదే. దిక్కుతోచకపోవడం ఆ మాటలోనే ఉంది. కానీ ప్రతి సంతాప సందేశంలో "దిగ్భ్రాంతి వ్యక్తం చేశారు" అని రాసి రాసి దాని పదును పోగొట్టాం. నేనైతే వాక్యాన్నే తిప్పుతాను: "వార్త విని వాటాదార్లు బెంబేలెత్తిపోయారు." భయమూ, కాళ్లూచేతులూ ఆడకపోవడమూ రెండూ వచ్చాయి. ఇంగ్లీషు కర్మణి వాక్యాన్ని "చేయబడ్డారు" అని లాగే అవసరమూ తప్పింది. "నిర్ఘాంతపోయారు" అంటే నోట మాట రాకపోవడం, అందులో ఆశ్చర్యం పాలు ఎక్కువ.

నిఘంటువు: వార్తకు బెంబేలే సరి. కంపెనీ వార్షిక నివేదికలో మాత్రం ఆ మాట నప్పదు. అక్కడ "దిగ్భ్రాంతి" ఉంచాల్సిందే.

అనువాదకుడు: నివేదిక వరకైతే ఒప్పుకుంటాను. కథలో, వార్తలో ఒప్పుకోను.