బుధుడు సూర్యుడి మీదుగా వెళ్ళేది గ్రహణం కళ్ళద్దాలతో కనిపిస్తుందా?

చుక్కలపిచ్చి:
2012 జూన్ 6 పొద్దున శుక్రుడు సూర్యుడి మీద నల్లచుక్కలా కదలడం గ్రహణం కళ్ళద్దాలతోనే చూశాను. ఇక 2032 నవంబరు 13న బుధుడి వంతు. అవే కళ్ళద్దాలు చాలా, టెలిస్కోపు కావాలా? 2019లో మనకు పొద్దు గూకాక మొదలై ఉసూరుమనిపించింది, ఈసారైనా కనిపిస్తుందా?

కర్నూలు_ఆకాశం:
ఈసారి మొత్తం మనదేనండి, శనివారం, మధ్యాహ్నం 12:10 ప్రాంతంలో మొదలై సాయంత్రం నాలుగున్నర దాటాక ముగుస్తుంది. కళ్ళద్దాలతో మాత్రం లాభం లేదు. శుక్రుడు సూర్యబింబం వెడల్పులో 33వ వంతు దాకా ఉన్నాడు కాబట్టి కంటికి కనిపించాడు, బుధుడు 190వ వంతు కూడా ఉండడు. చిన్న టెలిస్కోపైనా కావాలి, సోలార్ ఫిల్టర్ దాని ముందు వైపే కదలకుండా బిగించాలి. కంటి దగ్గర ఐపీస్‌కి బిగించే నల్ల ఫిల్టర్లు వేడికి పగిలిపోతాయి, దయచేసి వాటి జోలికి పోకండి. కళ్ళద్దాలు పెట్టుకుని టెలిస్కోపులోంచి చూడటం ఇంకా ప్రమాదం, క్షణంలో కన్ను పోతుంది.

విశాఖ_తీరం:
మా ఊళ్ళో ఇలా గ్రహం సూర్యుడి మీదుగా వెళ్ళడాన్ని ఎప్పుడో చూశారు! ఇక్కడి డాబాగార్డెన్స్‌లో జగ్గారావు గారి సొంత అబ్జర్వేటరీ ఉండేది, ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు గారు 1874 డిసెంబరు 9న శుక్రుడి సంక్రమణాన్ని, అంటే సూర్యుడి మీదుగా వెళ్ళడాన్ని, అక్కడి నుంచే గమనించారు. ఈ పేరు మన పిల్లలకు బడిలో ఒక్కసారైనా చెప్పాలి.

చుక్కలపిచ్చి:
ఇది నాకు అస్సలు తెలియదు, చాలా థ్యాంక్సండి. బుధుడికీ సూర్యుడి మచ్చకీ తేడా ఎలా పట్టాలి?

కర్నూలు_ఆకాశం:
మచ్చ అంచు చెదిరినట్టుంటుంది, పెద్దదైతే నల్లటి నడిమి చుట్టూ బూడిద రంగు వలయం కనిపిస్తుంది. బుధుడు కచ్చితమైన గుండ్రం, మచ్చ కంటే చిక్కటి నలుపు, పైగా అరగంటలో చోటు మారినట్టు తెలిసిపోతుంది. ఫిల్టర్ తెచ్చుకుని ఇప్పటి నుంచే మచ్చలు చూస్తూ ఫోకస్ చేయడం అలవాటు చేసుకోండి. ఫైండర్‌కి (టెలిస్కోపు పక్కన గురి చూసుకోవడానికి ఉండే చిన్న గొట్టం) మూత పెట్టడం మరవద్దు. నవంబరులో కోస్తాకి వాయుగుండాల బెడద కాబట్టి మబ్బు పట్టేలా ఉంటే ముందు రోజే మా వైపు వచ్చేయండి.