‘యుద్ధ ట్యాంకు’, ‘సాయుధ శకటం’: ఏది దేనికి వాడాలి?

మొదటి ప్రపంచ యుద్ధం నాటి ఛాయాచిత్రం ఒకటి పెట్టి, అందులోని ఇనుప బండిని యుద్ధ ట్యాంకు అనాలా, సాయుధ శకటం అనాలా, రెండూ ఒకటేనా అని మన సభ్యులొకరు అడిగారు. రెండూ ఒకటి కావనీ, రెండింటినీ వేరువేరు అర్థాలతో నిలుపుకుంటే మనకే సౌకర్యమనీ నా అభిప్రాయం.

ముందు ‘ట్యాంకు’ సంగతి చూద్దాం. ముళ్లకంచెలనూ కందకాలనూ దాటిపోగల బండి కోసం 1915 ఫిబ్రవరిలో బ్రిటన్‌లో ఒక సంఘం ఏర్పడింది. దానిని ఏర్పాటు చేసినవాడు నౌకాదళ మంత్రిగా ఉన్న చర్చిల్ కావడం వల్ల, ఆ బండిని మొదట ‘ల్యాండ్‌షిప్’, అంటే నేల మీద నడిచే ఓడ అన్నారు. లింకన్ పట్టణంలోని ఫాస్టర్ కంపెనీలో అది తయారవుతున్నప్పుడు, గుట్టు బయటపడకుండా ఉండేందుకు, మెసొపొటేమియాకు పంపే నీటి తొట్లు తయారవుతున్నాయని ప్రచారం చేశారు. ఆ ఏడాది డిసెంబరులో ‘ట్యాంకు’ అన్న మారుపేరు ఖాయమైంది, అదే నిలిచిపోయింది. కాబట్టి హుస్సేన్‌సాగర్ ట్యాంక్‌బండ్‌లో ఉన్న ట్యాంకూ యుద్ధభూమిలోని ట్యాంకూ పుట్టుకలో ఒకే మాట. అది గుజరాతీ, మరాఠీ భాషల నుంచి ఇంగ్లీషులోకి వెళ్లిందని కొందరు నిఘంటుకారులు, పోర్చుగీసు నుంచి వచ్చిందని మరికొందరు అంటారు. తెలుగువారికి ట్యాంకు అనగానే మేడ మీది నీళ్ల ట్యాంకే తోస్తుంది కనుక, ముందు ‘యుద్ధ’ అని చేర్చడం పునరుక్తి కాదు, అవసరం.

ఇక ‘శకటం’ మనవాళ్లు అలంకారం కోసం తెచ్చిపెట్టుకున్న మాట అని ఒకరు వ్యాఖ్యానించారు, దానితో నేను ఏకీభవించను. ఫ్రెంచివారు ట్యాంకును ‘షార్’ అంటారు, అంటే బండి లేదా రథం. స్వీడన్‌వారి ‘స్ట్రిడ్స్‌వాగ్న్’ అంటే అచ్చంగా పోరు బండి. జర్మనులు మాత్రం బండిని వదిలి కవచాన్ని పట్టుకుని ‘పాంజర్’ అన్నారు. నీటి తొట్టి పేరు పెట్టుకున్న ఇంగ్లీషుకన్నా మన శకటమే వస్తువుకు దగ్గరగా ఉంది. ఒక్క చిక్కు లేకపోలేదు: గణతంత్ర దినోత్సవ వార్తల్లో శకటమంటే రాష్ట్రాల అలంకార వాహనం. 2025లో కర్తవ్యపథ్‌పై ఏటికొప్పాక బొమ్మలతో సాగిన ఆంధ్రప్రదేశ్ శకటాన్నీ అదే దారిన నడిచిన సైనిక వాహనాలనూ ఒకే మాటతో రాస్తే చదువరి తికమకపడతాడు. ‘సాయుధ’ అని ముందు చేర్చుకుంటే ఆ ఇబ్బంది తీరుతుంది.

అసలు తేడా గుర్తుపట్టే దగ్గర వస్తుంది. గొలుసు పట్టాలు, వాటి మీద ఇనుప పెట్టె, దాని మీద టరెట్, అంటే చుట్టూ తిరిగే ఇనుప గది, టరెట్‌కు ఫిరంగి ఉంటే ట్యాంకు అని చాలామంది లెక్క. ఈ రూపానికి మూలం 1917 నాటి ఫ్రెంచి రెనో ఎఫ్‌టీ. చుట్టూ తిరిగే టరెట్ పైన, ఇంజను వెనుక అన్న దాని అమరికే నేటికీ ఎక్కువగా కనిపిస్తుంది. అయినా ఈ లెక్క రెండు వైపులా తప్పుతుంది. సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారంలో తయారయ్యే ‘సరథ్’కు పట్టాలున్నాయి, టరెట్ ఉంది, 30 మిల్లీమీటర్ల ఫిరంగి కూడా ఉంది. అయినా అది ట్యాంకు కాదు, కడుపులో పదాతి సైనికులను మోసుకుపోయి దించే వాహనం; దాని వెనుక భాగంలో సైనికులు దిగే తలుపులు చూస్తే సంగతి తెలిసిపోతుంది. అటు స్వీడన్ మూడు దశాబ్దాలు వాడిన ‘ఎస్’ ట్యాంకుకు టరెట్టే లేదు. ఫిరంగి పెట్టెకే బిగించి ఉంటుంది కనుక, గురి చూడాలంటే బండి మొత్తాన్ని తిప్పి, ముందుకో వెనక్కో వంచాలి. స్వీడన్ సైన్యం దాన్ని ట్యాంకుగానే లెక్కించింది. దాదాపు అదే రూపంలో ఉన్న జర్మనీ ‘స్టూగ్’ బండ్లు మాత్రం పదాతిదళానికి తోడుగా నిలిచే ఫిరంగి దళానికి చెందినవి, వాటిని ట్యాంకులనడం పొరపాటు. రూపం ఒకటే అయినా పనిని బట్టి పేరు మారింది.

అందువల్ల నా సూచన ఇది: పట్టాలూ కవచమూ ఆయుధమూ ఉన్న ప్రతి బండికీ ‘సాయుధ శకటం’ అన్న విశాలమైన మాట వాడుకుందాం, ‘యుద్ధ ట్యాంకు’ను ట్యాంకు పని చేసే బండికే, అంటే శత్రువు మీదికి ముందుండి చొచ్చుకుపోయి ఫిరంగితో పోరాడే బండికే ఉంచుదాం. ఏదో తేలనప్పుడు మొదటి మాట రాస్తే తప్పు జరగదు.

ఇప్పుడు మీ ఛాయాచిత్రం. పక్కకు ఒరిగిన నలుపలక ఆకారం, దాని చుట్టూ తిరిగే పట్టాలు, వెనుక తోకలా రెండు చక్రాలు కనిపిస్తున్నాయి. మలుపు తిప్పడానికి ఉద్దేశించిన ఆ చక్రాలను బట్టి ఇది 1916 సెప్టెంబరు 15న ఫ్రాన్స్‌లోని ఫ్లేర్స్ దగ్గర తొలిసారి యుద్ధంలో దిగిన బ్రిటిష్ ట్యాంకు మార్క్ 1 అని చెప్పవచ్చు. చక్రాలు పెద్దగా ఉపయోగపడక త్వరలోనే తీసేశారు కాబట్టి, అవి లేనంత మాత్రాన మార్క్ 1 కాదనకూడదు. పక్క గూటిలోంచి ఫిరంగి గొట్టం బయటికి వచ్చింది, కనుక ఇది ‘మగ’ ట్యాంకు. మరతుపాకులు మాత్రమే ఉన్నదాన్ని బ్రిటిష్ సైనికులు ‘ఆడ’ ట్యాంకు అనేవారు. ఒక పక్కనే చూసి ఎలా చెబుతారని మీరు అడగవచ్చు. ఒక వైపు ఫిరంగి, మరో వైపు మరతుపాకులు ఉన్న మిశ్రమ రకం, 1918 ఏప్రిల్‌లో విల్లేర్-బ్రెటోన్నో దగ్గర జర్మనుల ఏ7వీ ట్యాంకు ముందు ‘ఆడ’ ట్యాంకులు నిలవలేకపోయిన తరువాతే వచ్చింది. కనుక మార్క్ 1 విషయంలో ఒక పక్క చాలు. చిత్రం కింద ‘మార్క్ 1 యుద్ధ ట్యాంకు, ఫిరంగి రకం’ అని నిశ్చింతగా రాయవచ్చు.