పాఠాలు రికార్డు చేసుకోవడానికి చప్పుడు లేని చిన్న కంప్యూటర్: ఏ భాగాలు కొనాలి?

ఒకటిన్నర శ్రుతి (విజయనగరం):

నేను ఫిడేలు మాస్టారిని. 1919లో మా ఊళ్లో మొదలైన సంగీత కళాశాలలోనే నేర్చుకున్నాను, ఇప్పుడు ఇంట్లో పాఠాలు చెబుతున్నాను. శిష్యుల్లో సగం మంది కోట చుట్టుపక్కల వీధుల వాళ్లే. మిగతా సగం విదేశాల్లో ఉన్నారు, వాళ్లకు పాఠం రికార్డు చేసి పంపాలి. రాత్రి పది దాటాక, వీధి సద్దుమణిగాక, సీలింగు ఫ్యాను ఆపి, కిటికీలు మూసి కూర్చుంటాను. చెమట పోస్తుంది, భరిస్తాను. అప్పుడు కంప్యూటర్ పాట అందుకుంటుంది.

మామూలు చప్పుడైతే సర్దుకుపోయేవాణ్ణే. ఈ మోత సరిగ్గా నా మధ్యస్థాయి షడ్జానికి వెంట్రుకవాసి పైన నిలబడుతుంది. కలిసిపోదు, విడిపోదు. కమాను నిలిపి షడ్జం పట్టానంటే ఆ నాదం ఉబ్బుతూ తగ్గుతూ ఊగిపోతుంది. సెకనుకు మూడుసార్లు, తాళం వేసి మరీ లెక్కపెట్టాను. పోయిన వారం ఒక అమ్మాయి రికార్డింగు విని, "మాస్టారూ, మీ షడ్జం వణుకుతోంది" అని సందేశం పెట్టింది. ముప్ఫై ఏళ్లలో నన్ను ఎవరూ అనని మాట అది.

ఇప్పుడున్నది 2014లో, హుద్‌హుద్ తుఫాను పోయిన రెండు నెలలకు విశాఖలో ఒక దుకాణంలో అసెంబుల్ చేయించినది. అప్పటి ఐ3 ప్రాసెసర్, దానితోపాటు పెట్టెలో వచ్చిన ఫ్యానే. దుమ్ము దులిపించాను, ప్రాసెసర్ మీది పేస్టు మార్పించాను. రెండు రోజులు మెరుగు, మూడో రోజు మళ్లీ అదే రాగం.

కొత్తది నేనే బిగించుకుందామని ఉంది. బిరడాలు తిప్పిన చేతికి స్క్రూలు ఒక లెక్కా! బడ్జెట్టు యాభై వేలు. ఆటలు ఆడను. ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్‌లో రికార్డింగు, వీడియో కాల్సు, అప్పుడప్పుడు రెండు కెమెరాల వీడియో కలపడం (ఎడమచేతి వేళ్లకు ఒకటి, కమానుకు ఒకటి). మా ఆవిడ షరతు ఒకటుంది: పాత రేడియో ఉండే గోడ గూటిలో పట్టాలట. వెడల్పు 14 అంగుళాలు, ఎత్తు 12, లోతు 10. టేపు పెట్టి కొలిచి కాగితం మీద రాసిచ్చింది.

నాగావళి గట్టు (శ్రీకాకుళం):

మాస్టారూ, మీరు రెండు వరాలు అడుగుతున్నారు, అవి ఒకదానికొకటి పడవు. చిన్న పెట్టెలో చిన్న ఫ్యానే పడుతుంది. చిన్న ఫ్యాను అంతే గాలి తోయాలంటే వేగంగా తిరగాలి, వేగమే మోత. పెద్ద ఫ్యాను నెమ్మదిగా తిరిగి అదే పని చేస్తుంది. ఫ్యాను వేగం సగానికి తగ్గితే మోత సుమారు 15 డెసిబెల్సు పడిపోతుంది, చెవికి అది చాలా పెద్ద తేడా.

మీ గూటికి సరిపోయే కూలర్లు (ప్రాసెసర్‌ను చల్లబరిచేవి) లేకపోలేదు. నోక్టువా ఎన్‌హెచ్-ఎల్9 రకం 37 మి.మీ. ఎత్తే ఉంటుంది. మంచి సరుకే, కానీ దాని 92 మి.మీ. ఫ్యాను నిమిషానికి 2500 చుట్ల దాకా పోగలదు. మూడు వైపులా గోడ ఉన్న గూటిలో వదిలిన వేడిగాలినే మళ్లీ పీలుస్తూ, మే నెలలో అది 2500 దగ్గరే కాపురం పెడుతుంది. అమ్మగారికి నా మాటగా చెప్పండి, గూడు వద్దు.

వీణ (బొబ్బిలి):

ఇంత అవసరమా మాస్టారూ? నేను పాత డబ్బానే పక్క గదిలో పెట్టేశాను. తలుపు సందులోంచి హెచ్‌డీఎంఐ తీగ, యూఎస్‌బీ తీగ లాగితే పని అయిపోయింది. యూఎస్‌బీ 2.0 తీగ ఐదు మీటర్లు మించకూడదు, అదొక్కటి గుర్తుంచుకోండి. మీవి పాత కాలపు మందపాటి గోడలే అయ్యుంటాయి, ఏ క్యాబినెట్టూ వాటంత మౌనం ఇవ్వదు.

అది కుదరకపోతే మైకు సంగతి చూడండి. కార్డియాయిడ్ మైకు వీపు వైపు చెవిటిది. మైకు ముఖం ఫిడేలుకు, వీపు కంప్యూటర్‌కు ఉండాలి. మన వాళ్లు తరచూ కంప్యూటర్ పక్కనే మైకు పెట్టి దాని ముఖం అటే తిప్పుతారు, ఆనక కంప్యూటర్‌ను తిడతారు.

రోడ్డు స్టేషన్ (ఆమదాలవలస):

హార్డ్‌వేర్ సంగతి నాకు అంతగా తెలియదు, ఫిజిక్సు చెబుతాను. "షడ్జానికి వెంట్రుకవాసి పైన, సెకనుకు మూడు ఊపులు" అన్నారు కదా, అది చాలు. దగ్గర దగ్గరగా ఉన్న రెండు ధ్వనులు కలిసి మోగితే, వాటి పౌనఃపున్యాల తేడా ఎంతో సెకనుకు అన్ని ఊపులు వినిపిస్తాయి. ఒకటిన్నర శ్రుతి అంటే మధ్యస్థాయి షడ్జం 277 హెర్ట్జ్. మూడు కలపండి, మీ ఫ్యాను 280 దగ్గర పాడుతోంది.

ఫ్యాను స్వరం దాని రెక్కలను బట్టి ఉంటుంది. రెక్కల సంఖ్యను నిమిషానికి తిరిగే చుట్లతో హెచ్చవేసి, 60తో భాగించండి. కంప్యూటర్ ఆపి, రెక్కలు లెక్కపెట్టండి. చుట్ల సంఖ్య బయోస్‌లో, అంటే కంప్యూటర్ ఆన్ చేసేటప్పుడు తెరిచే సెట్టింగుల తెరలో కనిపిస్తుంది. నాకు ఆత్రంగా ఉంది, ఈ రాత్రికే చెప్పాలి.

ఒకటిన్నర శ్రుతి:

టార్చి వేసి లెక్కపెట్టాను. ఏడు రెక్కలు. బయోస్‌లో అంకె ఒకచోట నిలవలేదు, 2390కీ 2410కీ మధ్య ఆడుతోంది. 2400 అనుకుంటే ఏడుతో హెచ్చవేసి 60తో భాగించాను. 280!

పదేళ్లుగా నా పక్కన కూర్చుని అపశ్రుతి పలికినవాడు దొరికాడు. వంటింట్లోకి వెళ్లి మా ఆవిడకు చెప్పాను. "అయితే వాణ్ణి 277కి దించండి" అంది. నిజానికి అది కూడా ఒక దారే, కానీ వేడెక్కినప్పుడల్లా శ్రుతి మార్చే తంబురాను ఎవరు భరిస్తారు?

జీడితోట (పలాస):

ఫ్యానే లేకపోతే ఈ లెక్కలన్నీ ఎందుకు? ఇంటెల్ ఎన్100 ప్రాసెసర్ చూడండి. నాలుగు కోర్లు, ఆరు వాట్లు. ఏఎస్‌రాక్ ఎన్100డీసీ-ఐటీఎక్స్ మదర్‌బోర్డుకు ఎస్‌ఎంపీఎస్ (పెట్టె లోపల ఉండే కరెంటు సరఫరా డబ్బా) కూడా అక్కరలేదు, ల్యాప్‌టాప్ తరహా 19 వోల్టుల అడాప్టర్ చాలు. బోర్డు 170 మి.మీ. చదరం, గూటిలో హాయిగా కూర్చుంటుంది. నా పద్దులన్నీ దానిమీదే. జీడిపిక్కల బట్టీల ఊళ్లో ఫ్యాను ఉన్న యంత్రం ఎంత మసి మింగుతుందో చెప్పలేను, దీనికి ఆ బాధ లేదు. రెండు కెమెరాల వీడియో మాత్రం మెల్లగా కలుపుతుంది, టీ తాగి రావచ్చు.

నాగావళి గట్టు:

ఒక్క వీడియో అయితే టీ, వారానికి నాలుగైతే భోజనం, నిద్ర కూడా. మాస్టారి పనికి రైజెన్ 5 5600జీ సరిగ్గా సరిపోతుంది. ఆరు కోర్లు, గ్రాఫిక్స్ లోపలే ఉంది, విడిగా కార్డు వద్దు, ఆ కార్డు ఫ్యాను కూడా తప్పుతుంది. 65 వాట్ల ప్రాసెసర్, బయోస్‌లో 45 వాట్లకు కట్టేయవచ్చు. మీ పనిలో ఆ తేడా తెలియదు.

క్యాబినెట్ విషయంలో కూలర్ మాస్టర్ ఎన్‌ఆర్200 అంటాను. 18 లీటర్ల పెట్టె, ఐటీఎక్స్ అనే ఆ చిన్న సైజు బోర్డు పడుతుంది, 155 మి.మీ. ఎత్తు కూలర్ కూడా పడుతుంది. అంటే 120 మి.మీ. ఫ్యాను ఉన్న టవర్ కూలర్ పెట్టుకోవచ్చు. ఆ క్యాబినెట్ లోతు 37 సెంటీమీటర్లు దాటుతుంది, కాబట్టి గూడు సంగతి మర్చిపోవాలి. ఎస్‌ఎంపీఎస్ ఎస్‌ఎఫ్‌ఎక్స్ అనే చిన్న సైజుది, తక్కువ లోడులో ఫ్యాను ఆగిపోయే రకం. బోర్డు బీ550 చిప్‌సెట్ ఉన్నది తీసుకోండి. పాత బీ450 బోర్డు అంటగడితే బయోస్ అప్‌డేట్ చేస్తేగాని ఈ ప్రాసెసర్‌ను గుర్తించకపోవచ్చు. ర్యామ్ ఒకే 16 జీబీ ముక్క కాకుండా రెండు ఎనిమిదులు, లోపలి గ్రాఫిక్స్ ర్యామ్ మీదే బతుకుతుంది కనుక. పాత హార్డ్‌డిస్కు మాత్రం లోపల పెట్టకండి. 7200 చుట్లంటే సెకనుకు 120, అది పెట్టెనంతా గుమ్మెట చేస్తుంది.

బిగించేటప్పుడు ప్రాసెసర్ పక్కన పెట్టే ఎనిమిది పిన్నుల తీగ మర్చిపోకండి. అందరూ అదే మరచిపోతారు.

ఒకటిన్నర శ్రుతి (నెల తరువాత):

మరచిపోయాను.

ఫ్యాన్లు తిరుగుతున్నాయి, లైట్లు వెలుగుతున్నాయి, తెర మాత్రం నల్లగా ఉంది. రెండు రోజులు బోర్డును అనుమానించాను, ర్యామ్‌ను అనుమానించాను, విశాఖ దుకాణదారుణ్ణి ఫోనులో నాలుగు మాటలన్నాను. పైన రాసింది మళ్లీ చదువుకుంటూ ఉంటే ఆఖరి వాక్యం కనిపించింది. తీగ క్యాబినెట్ వెనక మడతలో అలాగే ఉంది. దుకాణదారుడికి మళ్లీ ఫోను చేసి క్షమాపణ చెప్పుకున్నాను. ఖర్చు యాభై రెండు వేలు అయింది.

టవర్ కూలర్ ఫ్యానుకు తొమ్మిది రెక్కలు. కొనేముందే లెక్కపెట్టాను, దుకాణం కుర్రాడు నన్ను వింతగా చూశాడు. అరవై డిగ్రీలు దాటేదాకా 500 చుట్లలోనే ఉండేటట్టు బయోస్‌లో పెట్టాను. తొమ్మిదైదులు నలభై ఐదు, అంటే 4500, దాన్ని 60తో భాగిస్తే 75 హెర్ట్జ్. నా మంద్ర షడ్జమే 138 దగ్గర ఉంది, కాబట్టి ఆడాసిటీలో 80 కింది భాగాన్ని కోసేసినా ఫిడేలుకు నష్టం లేదు. బొబ్బిలి అమ్మ చెప్పినట్టు మైకు వీపు పెట్టె వైపు తిప్పాను. గది 32 డిగ్రీలు ఉన్న రాత్రి గంటసేపు రికార్డు చేశాను, ప్రాసెసర్ 55 దాటలేదు. షడ్జం గీత గీసినట్టు నిలబడింది. ఆ అమ్మాయికే ముందు పంపాను. గూటిలోకి మళ్లీ రేడియో వచ్చింది. పెట్టె ముక్కాలిపీట మీద ఉంది, దాని గురించి మా ఆవిడ ఇంకా ఏమీ అనలేదు.

రోడ్డు స్టేషన్ గారికి ఒక ప్రశ్న. ఇప్పుడు బల్ల కింద యూపీఎస్ వినిపిస్తోంది. మన కరెంటు 50 హెర్ట్జ్, ట్రాన్స్‌ఫార్మర్ దానికి రెట్టింపు, అంటే 100లో హుమ్మంటుందని చదివాను. నా అనుమంద్ర పంచమం 104. దీన్ని వరండాలోకి నెడదామనుకుంటున్నాను, కరెంటు తీగ ఎంత పొడవు లాగవచ్చు?